తినేవాడు కాదు, కోమీయా

ముందే ఒక మాట చెప్పుకుంటాను. నేను అయిదో తరగతి దాకానే చదివాను, అది కూడా చివరి పరీక్షలు రాయకుండానే. ఏ శ ఎక్కడ రాయాలో, ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. ఇంతవరకూ నేను రాసినవల్లా రేషను షాపులో సంతకం, చుట్టాలకు ఫోన్లో నాలుగు ముక్కలు. మా వీధిలో పిల్లలకు ట్యూషను చెప్పే టీచరమ్మ, "నీకు చదువు చెప్పినవాళ్ళ మీద రాయి నాగమణీ, ఎట్లా వస్తే అట్లా రాయి" అంది. బడిలో చెప్పిన పంతుళ్ళ పేర్లు గుర్తు రాలేదు. మిరపకాయల షెడ్డులో నాకు పాఠం చెప్పిన మనిషి గుర్తొచ్చింది. తప్పులుంటాయి. చదివేవాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి.

ఈ పొద్దున షెడ్డులో పట్టా ఎత్తాం. ఎండు మిరపకాయకు తొడిమ తీసేటప్పుడు కాయ విరగకుండా ముందురోజు సాయంత్రం నీళ్ళు చిలకరించి పట్టా కప్పి పోతాం. తెల్లారి పట్టా ఎత్తగానే ఒక వాసన వస్తుంది. ఎండు కాయ వాసన ముక్కు మీద కొడుతుంది, తుమ్మిస్తుంది. ఈ తడి కాయ వాసన అట్లా కాదు. మెత్తగా, కొంచెం తియ్యగా గొంతులోకి దిగుతుంది. ఆ వాసన పీల్చినప్పుడల్లా నా నోరు దానంతట అదే "కోమీయా, కోమీయాస్, కోమీయా" అనుకుంటుంది. పక్కన కూర్చున్న కొత్త పిల్ల ఇవాళ, "ఏంది పిన్నీ, మిరపకాయలకు మంత్రం ఏస్తన్నావా?" అని నవ్వింది. మంత్రం కాదమ్మా, స్పానిష్ అన్నాను. ఆ పిల్ల ఇంకా నవ్వింది. నరసరావుపేటలో తొడిమలు తీసే మనిషికి స్పానిష్ ఏమిటని మీరు కూడా నవ్వుతారేమో. ఎట్లా వచ్చిందో చెబుతాను.

మా షెడ్డు కాయ స్పెయిన్ దేశానికి పోయేది. వాళ్ళకు కారం అక్కర్లేదు, రంగు కావాలి. సరుకు కట్టేముందు చూసుకోవడానికి అక్కడి కంపెనీవాళ్ళు ప్రతి మిరప సీజనుకూ ఒక మనిషిని పంపేవాళ్ళు. ఆ మనిషి పేరు పిలార్. మొదటిరోజు ఆమె తన పేరు చెప్పగానే మా మంగమ్మక్క, "పిళ్ళారా? వినాయకుడి పేరేందే ఆడమనిషికి?" అంది. ఇంకొకామె, "ఎలక యాడుంది మరి?" అంది. షెడ్డంతా నవ్వు. పిలార్‌కు అర్థం కాలేదు, అయినా మాకంటే గట్టిగా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె మాకు పిళ్ళారమ్మ. యాభై దాటిన మనిషి, పొడుగు, కత్తిరించిన నెరిసిన జుట్టు, మగవాళ్ళ చొక్కా. మిగతా ఆఫీసర్లు కుర్చీలో కూర్చుని శాంపిల్ తెప్పించుకునేవాళ్ళు. ఆమె మాత్రం మా మధ్యలో గోనెపట్టా మీద కూర్చుని తొడిమలు తీస్తూ కాయ చూసేది. అట్లా కూర్చునే రెండు మూడు సీజన్లలో మా మాటలన్నీ పట్టేసింది. మంగమ్మక్క దగ్గర నేర్చుకుంది కాబట్టి "ఏంది", "చానా" ఎక్కువ, "దయచేసి" తక్కువ.

నేను ఆమెకు మధ్యాహ్నం క్యారియర్ తెచ్చేదాన్ని. హోటలు కూడు పడక నన్ను వండి పెట్టమని అడిగింది. అట్లా ఇద్దరం ఒకచోట తినడం మొదలైంది. ఒకరోజు, "నేను మీ భాష మాట్లాడతా, మీరు నవ్వుతారు. నా భాష మీరు మాట్లాడండి, నేను నవ్వుతా. అప్పుడు సమానం" అంది. పదిమంది నేర్చుకుంటామని కూర్చున్నారు. వారం తిరక్కుండా అందరూ లేచిపోయారు. నేను లేవలేదు. ఎందుకు లేవలేదో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా ఆయన పేరు కోటేశ్వరరావు. వాళ్ళమ్మకు కోటేశు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో నేను, ఆయన, మా అత్త. ఆయన వరికోత మిషను మీద పనికి వేరే రాష్ట్రాలకు పోయేవాడు. పంట ఎక్కడ కోతకొస్తే అక్కడికి. రోజూ సాయంత్రం ఫోను చేసి, "ఏం వండావే?" అని అడగడం ఆయన అలవాటు. ఒకసారి తిరిగొస్తూ ఏదో స్టేషన్లో టీ తాగొస్తానని రైలు దిగాడట. రైలు కదిలింది, ఆయన ఎక్కలేదు. తోటివాళ్ళు చెప్పింది అంతే. ఫోను స్విచ్ఛాఫ్. పోలీసులకు చెప్పాం, ఆ స్టేషను దాకా పోయి ఫొటో చూపించి వచ్చాం. చనిపోయాడని చెప్పినవాళ్ళు లేరు, చూశామని చెప్పినవాళ్ళూ లేరు.

అట్లా రెండేళ్ళు గడిచాక ఒకరోజు పక్కింటామె గోంగూర తెచ్చిచ్చింది. నేను పచ్చడి నూరుతూ, ఏ ఆలోచనా లేకుండా ఆమెతో, "ఆయన గోంగూరలో పచ్చి ఉల్లిపాయ నంజుకుని తినేవాడు పిన్నీ" అన్నాను. అరుగు మీద అన్నం తింటున్న మా అత్త చెయ్యి ఆగిపోయింది.

"తినేవాడా?" అంది.

నేను రోట్లోంచి తలెత్తి చూశాను.

"తినేవాడేందే? నా కొడుకు తింటాడు. యాడో ఇప్పుడు కూడా తింటానే ఉంటాడు. నీ నోటితోనే పంపించేశావా వాణ్ణి?"

కంచం అక్కడే వదిలేసి లేచింది. మర్నాడు అరుగు చివర మూడు రాళ్ళు పెట్టుకుని వేరే పొయ్యి వెలిగించింది. నా చేతి అన్నం ముట్టనంది. నాకు ఆమె మీద కోపం లేదు. అట్లాగని "తింటాడు" అని నేనూ అనలేను. అంటే నా చెవులకే అబద్ధంలా వినపడేది. తినేవాడు అంటే పోయినట్టు. తింటాడు అంటే ఉన్నట్టు. ఉన్నాడో లేడో తెలియని మనిషికి మాట ఏది? మాట దొరక్క ఆయన సంగతే మానేశాం. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు, రెండు పొగలు. అయినవాళ్ళు వచ్చి, దర్భబొమ్మ చేసి కర్మ కానిచ్చేయమని నాకు చెప్పిపోతే, ఎవరొచ్చారో కూడా అత్త అడిగేది కాదు. నాకు మొగుడు లేకుండా పోవడం ఒక బాధ. ఆయన గురించి మాట్లాడుకోగలిగిన ఒక్క మనిషీ నాతో మాట్లాడకపోవడం ఇంకో బాధ.

ఇట్లా ఉండగా, పదిమందీ స్పానిష్ నేర్చుకుంటామని కూర్చున్న ఆ వారమే షెడ్డులో ఒక తమాషా జరిగింది. ఆ సీజనులో మొదటి సరుకు లారీలకెక్కిన రోజు ఓనరు గారు అందరికీ స్వీట్లు పంచాడు. పిలార్ లేచి నిలబడి తెలుగులో మాట్లాడతానంది. "ఓనరు గారు చానా మంచి మనిషి. మాకు రోజూ టీ ఇచ్చేవాడు. ఎప్పుడూ నవ్వేవాడు. ఎవరినీ తిట్టేవాడు కాదు" అంది. ఓనరు గారు ఎదురుగానే లడ్డూ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందు మంగమ్మక్కే, "అయ్యో నా తల్లీ, మనిషి ఎదురుగా ఉండంగానే ఫొటోకి దండేశావేంది!" అంది. ఓనరు గారు తన మణికట్టు తానే పట్టుకుని చూసుకుని, "నాడి ఆడతానే ఉందిగా అమ్మా" అన్నాడు. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. పిలార్ ముఖం మాత్రం ఎర్రబడింది.

తరవాత క్యారియర్ ముందు కూర్చున్నప్పుడు, "నేను ఏం తప్పు చెప్పాను? నాకు చెప్పు" అంది.

"ఇచ్చేవాడు, నవ్వేవాడు అంటే పోయినోళ్ళకి అంటాంలే అమ్మా. లేకపోతే ఆ పని మానేసినోళ్ళకి. ఉన్నోళ్ళకి అట్ట అనకూడదు."

"మా భాషలో అనొచ్చు. ఉన్నవాళ్ళకీ అనొచ్చు, పోయినవాళ్ళకీ అనొచ్చు."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. మళ్ళీ చెప్పమన్నాను. ఆమె క్యారియర్ గిన్నె ముందుకు జరిపి, తిండి మాటతోనే చెప్పింది. "కోమియో. అంటే తిన్నాడు. అయిపోయింది. కంచం కడిగేశారు. ఇది వేరు. కోమీయా. అంటే ఆ రోజుల్లో తింటూ ఉన్నాడు. చెయ్యి ఇంకా కంచంలోనే ఉంది."

"తరవాత కడిగాడా లేదా?"

"ఆ మాటకి తెలియదు."

"మరి ఇప్పుడు తింటన్నాడా?"

"అదీ ఆ మాటకి తెలియదు. అప్పటి సంగతి ఒక్కటే దానికి తెలుసు. దాని పేరు ఇంపెర్ఫెక్తో. పూర్తి కానిది."

నాకు నమ్మకం కలగలేదు. ఏదీ తేల్చని మాటను ఎవరైనా వాడతారా అన్నాను. ఆమె కొంచెం ఆలోచించి, "మా ఊళ్ళో కూడా ఎర్ర మిరపకాయలే. ఎండలో ఎండవు, వానలు. మా అమ్మ గదిలో కట్టెలు పెట్టి పొగలో ఆరబెట్టేది. నా చిన్నప్పుడు ఆమె జుట్టంతా పొగ వాసన వచ్చేది" అంది.

"అయ్యో, అమ్మ ఎప్పుడు పోయింది?" అన్నాను.

పిలార్ పెద్దగా నవ్వింది. "చూశావా! పోలేదు. తొంభై ఏళ్ళు. రోజూ ఫోన్లో తిడుతుంది. మీ తెలుగు ఆమెను చంపేసింది. నేను స్పానిష్‌లో అనుకుని చెప్పాను." తరవాత నవ్వు ఆపి, నా వైపు చూసి, "నువ్వు ఎవరి గురించి అడుగుతున్నావు?" అంది. చెప్పాను. ఆమె ఓదార్చలేదు. వస్తాడులే అనలేదు, మర్చిపో అనీ అనలేదు. వచ్చినవాళ్ళందరూ ఆ రెండింట్లో ఏదో ఒకటి అని పోయినవాళ్ళే. ఆమె ఒక మిరపకాయ నా చేతిలో పెట్టి, "చెప్పు. నేను తినేదాన్ని. కోమీయా" అంది.

అట్లా మొదలైంది నా చదువు. కాయకొక మాట. తొడిమ తుంచి నేను తినేదాన్ని, కోమీయా. ఇంకో కాయ తుంచి నువ్వు తినేదానివి, కోమీయాస్. ఆయన తినేవాడు, మళ్ళీ కోమీయా. నాకూ ఆయనకూ ఒకటే మాట. ఆడా మగా తేడా లేదు. మేము తినేవాళ్ళం, కోమీయామోస్. మీరంతా తినేవాళ్ళు, కోమీయాయిస్. వాళ్ళు తినేవాళ్ళు, కోమీయాన్. తప్పు చెబితే ఆ కాయను మళ్ళీ కుప్పలో వేసేది. "తొడిమ సగం ఉంది, మాట సగం ఉంది. రెండూ సరిగ్గా తియ్యి" అనేది. బడిలో నన్ను తప్పుకు కొట్టేవాళ్ళు. ఈమె దగ్గర తప్పంటే ఇంకొక కాయ, అంతే. నాకు చదువు వస్తుందని నాకు తెలిసింది అప్పుడే.

ఇంటి దగ్గర కూడా తొడిమలు తీస్తూ అదే గొణుక్కునేదాన్ని. ఒకరోజు అరుగు చివరి నుంచి మా అత్త, గోడకు చెబుతున్నట్టు, "ఏందది గొణుగుడు? చేతబడా?" అంది. ఎన్నో నెలల తరవాత నా కోసం వచ్చిన మొదటి మాట అది. భయపడుతూనే చెప్పాను. తిండి మాట, స్పెయిన్ భాష, పిళ్ళారమ్మ చెప్పింది అని.

"బతికున్నోడికి అనొచ్చా దాన్ని?"

"అనొచ్చు అత్తా."

"పోయినోడికి?"

"అనొచ్చంట."

"ఛీ, అదేం మాటే, గోడ మీద పిల్లి మాట!" అని అటు తిరిగి పొయ్యి ఊదుకుంది.

రెండు మూడు రోజులు గడిచాయి. తరవాత ఒక మధ్యాహ్నం నేను ఉల్లిపాయ తరుగుతుంటే నా వెనకాల నిలబడి, చాలా నెమ్మదిగా, "ఏమే... కోటేశు పచ్చి ఉల్లిపాయ కోమీయా. అంతేనా? అట్టనే అనాలా?" అంది. నేను అటు తిరగలేదు. తిరిగితే ఆపేస్తుందని భయం. "అంతే అత్తా. కోమీయా" అన్నాను. "చిన్నప్పుడు కళ్ళెంబడి నీళ్ళు కారతా కోమీయా. వద్దురా అన్నా ఇనకుండా కోమీయా" అంది. నేను, "నాకు తెలీదు ఆ సంగతి" అన్నాను. "నీకెట్ట తెలుస్తది, అప్పటికి నువ్వు పుట్టావో లేదో" అని నా పక్కన కూర్చుంది. ఆ రోజు నాకు తెలియని మొగుణ్ణి ఆమె, ఆమెకు తెలియని కొడుకుని నేను చెప్పుకున్నాం. మధ్యమధ్యలో నవ్వాం కూడా. అయినా పొయ్యిలు రెండూ అట్లాగే ఉన్నాయి.

తరవాతి సీజనుకు పిలార్ రాగానే ఈ సంగతి చెప్పాను. "నాకు కొత్త స్టూడెంటు ఉందా? పద" అని ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చింది. అత్త ఆమెను కింద నుంచి పైకి చూసి, "ఇంత పొడుగుంది, గుమ్మం తగలుద్దేమో చూడే" అంది. పిలార్ వంగి లోపలికి వచ్చి, "నా తల చానా గట్టి, మీ గుమ్మానికే దెబ్బ" అంది. అత్తకు ఆమె నచ్చేసింది. చాప మీద కూర్చోబెట్టి ఒకటే ప్రశ్నలు. చివరికి, "ఒక మాట అడగాల. మేం ముగ్గురం ఒకచోట కూర్చుని తినేవాళ్ళం. దానికేందంట?" అంది.

"కోమీయామోస్."

అత్త రెండుసార్లు అనుకుంది. పళ్ళు లేని నోట్లో స, మ తిరగబడ్డాయి. మళ్ళీ ఏదో అనుమానం వచ్చి, "మేం తినేవాళ్ళమా, మనం తినేవాళ్ళమా?" అని అడిగింది. పిలార్‌కు అర్థం కాలేదు. నేను చెప్పాను. మేం అంటే వినేవాళ్ళు బయటే ఉంటారమ్మా, మనం అంటే వాళ్ళు కూడా లోపలే అన్నాను. పిలార్ తల ఊపి, "మాకు ఒకటే. మేమూ, మనమూ ఒకటే మాట" అంది.

అత్త చాప పుల్ల గిల్లింది. తరవాత పిలార్‌ను చూడకుండా నన్ను చూసి, "అయితే మనమే అనుకుందాం లేవే" అంది. లేచి అరుగు చివరికి పోయి, తన పొయ్యి మీదున్న పప్పు గిన్నె దించి తెచ్చి నా పొయ్యి పక్కన పెట్టింది. "ఈ పిల్లకి కూడా అన్నం పెట్టు. మూడు కంచాలు ఎయ్యి" అంది. పిలార్ పప్పన్నం తిని, కంచం తానే కడిగింది.

ఆ ఏడాదే మా పెదమామ వచ్చి కర్మ మాట మళ్ళీ ఎత్తాడు. ఎన్నాళ్ళిట్టా, అటో ఇటో తేల్చండి అన్నాడు. ఈసారి అత్త పట్టనట్టు ఊరుకోలేదు, నన్ను పిలిచింది. పక్కనే కూర్చోబెట్టుకుని, "తేలకపోతే ఏంది బావా? ఇద్దరం ఉన్నాం, వాడి సంగతి చెప్పుకుంటన్నాం. వాడు కోమీయా. మజ్జిగ తాగు" అంది. పెదమామ నా వైపు చూశాడు. "ఏ భాషమ్మా అది? మీ అత్తకి ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. బాగానే ఉంది మామా అన్నాను. నిజంగానే బాగుంది. కర్మ చెయ్యలేదు. నా బొట్టు జోలికి ఎవరూ రాలేదు. మా ఆయన ఇప్పటికీ రాలేదు. అయినా ఇంట్లో ఒకటే పొయ్యి. ఆయన మాట రాని రోజు లేదు. ఎదురుచూడటం పోలేదు గానీ, ఇద్దరం కలిసి చూస్తుంటే బరువు తగ్గింది. ఇది ఆ పొడుగు మనిషి నాకు ఇచ్చింది. ఆమె నా మొగుణ్ణి తెచ్చివ్వలేకపోయింది, తెస్తాననీ అనలేదు. తెలియనిదాన్ని తెలియదు అనే చెప్పుకుంటూ బతకడానికి ఒక మాట ఇచ్చింది. దానితో మా అత్తను నాకు తిరిగి ఇచ్చింది.

ఇప్పుడు రంగు చూడటానికి ఒక మిషను వచ్చింది. దానితో ఒక కుర్రాడు వచ్చి, కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నానికే పోతున్నాడు. పిలార్ ఏదని అడిగితే తెలియదన్నాడు. ఆమె నంబరుకు మెసేజి పెడితే ఒకటే టిక్కు పడుతోంది. రెండో టిక్కు ఇంతవరకూ పడలేదు.

ఇదంతా రాసి మొదట టీచరమ్మకు చూపించాను. ఆమె చదివి, కళ్ళద్దాలు తీసి, "అయ్యో, పాపం ఆవిడ ఎప్పుడు పోయింది?" అంది. పోయిందని నేనెక్కడా రాయలేదు. మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. కాయ చూసేది అని రాశాను. కుప్పలో వేసేది అని రాశాను. అనేది అని రాశాను. తెలుగులో నాకు వేరే దారి లేదు. ఉందో లేదో నాకు తెలియదు. ఆ రోజుల్లో ఉంది, మా మధ్యలో గోనెపట్టా మీద కూర్చుని ఉంది, అంతవరకే తెలుసు. అందుకని చదివినవాళ్ళను ఒకటి వేడుకుంటున్నాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పిన చోట మన్నించండి. ఆమె గురించి వేసేది, అనేది అని ఉన్న చోట మాత్రం మన్నించి వదిలెయ్యకండి. ఆ మాటలను తెలుగులో కాకుండా ఆమె భాషలో చదువుకోండి.